పట్టీ కట్టుకున్న మూడు రోజులు

ఉత్తరం వచ్చింది మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను ఉడకబెట్టిన బంగాళాదుంపలు రెండు, ఒక గుడ్డు, ముందురోజు మిగిలిన రొట్టె తిన్నాను. అంత చిన్న సంగతి ఎందుకు గుర్తుందంటే, ఉప్పు వేసిన భోజనం నేను తిన్నది అదే ఆఖరు.

సాయంత్రానికి మా అక్కయ్య ఉప్పు డబ్బా తీసుకెళ్ళి తన బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"గుండె జబ్బు మనిషికి ఉప్పు విషంరా తమ్ముడూ," అంది, తాళంచెవి కొంగున ముడేసుకుంటూ.

"నాకు జబ్బని ఎవరన్నారు?"

"నీ ఉత్తరమే అంది. నీ గుండె నడక తప్పుతోందట. డెబ్బై ఏళ్ళుగా ఎవరి మాటా వినని గుండె, ఇప్పుడు నీ మాట కూడా వినడం మానేసిందన్నమాట."

ఉత్తరంలో రాసింది నిజమే. ఫలానా మూడు తేదీల్లో పగటిపూట గుండె లయ తప్పి కొట్టుకుంది. ఇలా జరిగేవాళ్ళకి గుండెలో రక్తం చిన్న గడ్డ కట్టి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. గురువారం ఉదయం పది గంటలకు వచ్చి డాక్టరును కలవండి. అన్నీ నిజమే.

గుండె మాత్రం నాది కాదు.

ఈ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. నాకూ, మా కోడలికీ. తేదీలు చదవగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా కొడుకు ఉత్తరాన్ని రెండోసారి పైకి చదువుతున్నాడు. వాడికి కనబడకుండా ఆమె తల అడ్డంగా ఊపింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత బాల్కనీలో బట్టలు తీస్తూ మాట తీసుకుంది. "శుక్రవారం దాకా ఆగండి మామయ్యా. మూడే రోజులు. ఆ తర్వాత మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను."

సరేనన్నాను. అప్పటికి అది పెద్ద మాటగా అనిపించలేదు.

వైద్య కళాశాల వాళ్ళు మా పేటలో రెండేళ్ళుగా ఒక పరిశోధన చేస్తున్నారు. నలభై దాటిన పనివాళ్ళకీ, అరవై అయిదు దాటి ఇంట్లో కూర్చున్నవాళ్ళకీ మామూలుగా వచ్చే బాధలు ఏమిటి, ఎందుకు వస్తున్నాయి అని. మోకాళ్ళు, నడుము, రక్తపోటు, గుండె. అందులో చేరినవాళ్ళు పద్నాలుగు రోజులు ఛాతీకి ఒక నల్లటి పట్టీ కట్టుకోవాలి. దాని మధ్యలో కోటు గుండీ కన్నా కొంచెం పెద్ద యంత్రం ఉంటుంది. అది గుండె కొట్టుకోవడాన్ని, అడుగుల్ని లెక్కపెడుతుంది. దానితోపాటు ఏ గంటకి ఏం చేశామో ఒక పుస్తకంలో రాయాలి.

చేరేటప్పుడు, రోజుకి ఎంతసేపు నడుస్తారని నర్సు అడిగింది. గంట అన్నాను. నాలుక దురద. నేను నడిచేది వీధి చివరి దాకా, అదీ పేపరు కోసం.

నాలుగు రోజులు నిజంగానే గంటసేపు నడిచి మాట నిలబెట్టుకున్నాను. అయిదో రోజుకి మోకాలు కొబ్బరికాయంత అయింది. ఆరో రోజు తెల్లవారి కోడలు నాకు వేడినీళ్ళ సంచీ తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడి నవ్వింది.

"ఆ పట్టీ ఇటివ్వండి. నేను పొద్దున్నించీ నడుస్తూనే ఉంటాను, నా నడక లెక్కపెట్టేవాళ్ళు లేరు. మీ ఖాతాలోనైనా పడనివ్వండి."

ఆమె పని ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. తడి దుప్పట్ల బండ్లు ఉతికే గదినుంచి ఆరబెట్టే గదికి తోస్తుంది. పందొమ్మిదేళ్ళుగా. మూడు రోజులు పట్టీని చొక్కా లోపల కట్టుకుని వెళ్ళి, వచ్చి నాకు ఇచ్చేసింది. మోకాలు వాపు దిగాక మళ్ళీ నేనే కట్టుకున్నాను. అందులో ఎవరికైనా నష్టం ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు.

*

బుధవారం సాయంత్రం ఆరింటికి ఆ నర్సే ఇంటికి వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఒకసారి చూసి రమ్మన్నారట. ముప్ఫై దాటని మనిషి, అప్పటికే కళ్ళ కింద నీడలు. మా మెట్లు ఎక్కి వచ్చి, చెప్పులు వరసగా పెట్టి, గోడకి ఆనుకోకుండా కూర్చుంది.

కొడుకు ఇంకా బస్సుల షెడ్డునుంచి రాలేదు. కోడలు వంటగది గుమ్మం దగ్గర కూర తరుగుతోంది. అక్కయ్య నా పక్కనే కుర్చీ వేసుకుంది, విచారణకి సాక్షిలాగా.

నర్సు స్టెతస్కోపు బిళ్ళని ముందు తన అరచేతిలో రుద్ది వెచ్చచేసి, అప్పుడు నా గుండె మీద పెట్టింది. చాలామంది చల్లటిదే పెడతారు.

నిమిషం విన్నది. మళ్ళీ నిమిషం. తర్వాత ఒక చిన్న పలక ఇచ్చి రెండు బొటనవేళ్ళూ పెట్టమంది. దానిమీద గీతలు వరసగా నడిచాయి.

"గడియారంలా కొట్టుకుంటోంది సార్," అంది.

"నేను చెప్పలా?" అన్నాను.

"మా వాడికి మొదటినుంచీ దొంగ జబ్బులు అలవాటు," అంది అక్కయ్య. "బడికి వెళ్ళాలంటే జ్వరం, డాక్టరు వస్తే మాయం. ఇప్పుడు గుండె కూడా అంతే."

నర్సు నవ్వింది. "కొందరికి అలా వచ్చి పోతూ ఉంటుందమ్మా. ఇప్పుడు లేదని అసలు లేదనలేం. రేపు డాక్టరుగారు రక్తం పల్చబడే మందు మొదలుపెడతారేమో. కడుపులో పుళ్ళు, రక్తం పడటం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా సార్?"

నేను నోరు తెరిచేలోపు అక్కయ్య అందుకుంది. "లేకేం. ఎనిమిదేళ్ళ కిందట గిన్నెడు రక్తం కక్కుకున్నాడు. వాళ్ళావిడ చనిపోయిన ఏడు. పద్నాలుగు రోజులు ఆస్పత్రిలో నేనే ఉన్నాను."

నర్సు కలం ఆగింది. "ఇది మీరు చేరేటప్పుడు చెప్పలేదు."

"అడిగింది మోకాళ్ళ గురించే కదా అనుకున్నాను."

"ఈ మందుతో ఆ పుండు మళ్ళీ తిరగబెట్టొచ్చు. వెయ్యకపోతే ఇటు ప్రమాదం. డాక్టరుగారు చాలా ఆలోచించాల్సి వస్తుంది." సంచీలోంచి నా పుస్తకం, కొన్ని అచ్చుకాగితాలు తీసి పక్కపక్కన పెట్టుకుంది. వేలు పెట్టి ఒక వరస చదివింది. మళ్ళీ చదివింది.

"పెద్దమ్మగారూ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా? గోరువెచ్చగా."

అక్కయ్య లేచింది. నీళ్ళు వెచ్చబడేదాకా ఆవిడ రాదు. ఇది అడగడంలో ఉన్న మర్యాద నాకు అర్థమైంది.

"సార్, ఆరో రోజు మధ్యాహ్నం రెండింటికి మీరు, 'కాలు చాపుకుని కుర్చీలో కూర్చున్నాను, పేపరు చదివాను' అని రాశారు."

"అవును."

"అదే గంటలో పట్టీ రెండు వేల అడుగులు చూపిస్తోంది. ఏడో రోజూ అంతే, ఎనిమిదో రోజూ అంతే. మీరు కూర్చున్నారు, అడుగులు నడిచాయి."

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు నీటి సరఫరా కార్యాలయంలో మీటరు రీడర్ల మీద అధికారిగా చేశాను. ఇంటింటికీ వెళ్ళకుండా టీ కొట్టు బల్ల మీద కూర్చుని అంకెలు వేసుకునేవాళ్ళు ఉండేవారు. దాన్ని మేము కుర్చీ రీడింగు అనేవాళ్ళం. పంపు అంకెనీ మీటరు అంకెనీ పక్కపక్కన పెట్టి, ఎందర్ని పట్టుకున్నానో. పట్టీ ఇంకొకరి ఒంటిమీద ఉన్నప్పుడు కూడా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాయడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బే. అబద్ధం ఆడినవాడు పుస్తకంలోనూ ఆడాలి కదా. నాకు చేతకాలేదు.

కత్తి చప్పుడు ఆగిపోయింది. నేను అటు చూడలేదు. నర్సూ చూడలేదు.

శుక్రవారం దాకా అని మాట ఇచ్చాను. కానీ రేపు పదింటికి ఒక మందు నా కడుపులోకి పోతుంది, దాని అవసరం ఉన్న మనిషి ఆరింటికే బండి తోయడానికి పోతుంది.

"ఆ మూడు రోజులూ పట్టీ నా ఒంటిమీద లేదమ్మా," అన్నాను.

నర్సు కాగితాలు ఒక దొంతరగా సర్దింది. కోప్పడుతుందనుకున్నాను.

"ఆ మూడు రోజులూ పక్కన పెట్టేస్తాం. పరిశోధనకి అదేం పెద్ద నష్టం కాదు. పట్టీ కట్టుకున్నది ఎవరని నేను అడగను. కానీ ఆ మనిషికి మీరు చెప్పండి. మెట్లు ఎక్కితే ఆయాసం, ఎడతెగని నీరసం, గుండెలో పిట్ట కొట్టుకున్నట్టు ఉండటం, ఇలాంటివి ఉంటే ఇంకో వారం కూడా ఆగకూడదు. రేపటి పది గంటల సమయం మీ పేరు మీదే ఉంది, నేను కొట్టెయ్యను. ఎవరొస్తే వాళ్ళని చూస్తారు. ఆ మనిషి పనిచేసే చోటికి మా దగ్గర్నుంచి ఒక్క అక్షరం పోదు."

ఈ ఆఖరి మాట కొంచెం గట్టిగా అంది. నాకు చెవుడు లేదని ఆమెకి తెలుసు.

అక్కయ్య నీళ్ళు తెచ్చింది. నర్సు గ్లాసంతా తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

*

"నన్ను పట్టిచ్చేశారు," అంది కోడలు.

అక్కయ్య పక్కింటికి నా గుండె విశేషాలు చెప్పడానికి వెళ్ళింది. మేమిద్దరమే వంటగదిలో ఉన్నాం. ఆమె కూర ముక్కల్ని గిన్నెలోకి తోసింది, ఒక్కటి కూడా కింద పడకుండా.

"నీ పేరు చెప్పలేదు తల్లీ."

"చెప్పక్కర్లేదు. ఈ ఇంట్లో అన్ని అడుగులు వేసేది ఇంకెవరు, పెద్దమ్మ వేస్తుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

"శుక్రవారం షిఫ్టు ఇన్‌ఛార్జి ఎవరో చెబుతారు మామయ్యా. నేనో, ఇస్త్రీ గది ఆమో. ఇన్‌ఛార్జికి కుర్చీ ఉంటుంది. బండ్లు తొయ్యక్కర్లేదు, ఆవిరిలో నిలబడక్కర్లేదు. ఆ కుర్చీ వస్తే ఈ దడ అదే పోతుంది. ఇప్పుడు జబ్బని తెలిస్తే కుర్చీ రాదు, బండీ ఉండదు. తక్కువ జీతానికి మడతల గదిలో పడేస్తారు."

"వాళ్ళకి తెలియదని ఆ అమ్మాయి చెప్పింది కదా."

"పోయినేడు మా లాండ్రీలో నడుముల పరిశోధన చేశారు. వాళ్ళు కూడా ఎవరికీ చెప్పలేదు, పాపం మంచివాళ్ళే. ఫలితాల కాగితాలు చూసుకుని మావాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. నీకెంత వచ్చింది, నాకెంత వచ్చింది అని, పరీక్ష మార్కుల్లాగా. నెల తిరక్కుండా ఇద్దరు మడతల గదికి వెళ్ళారు. అందుకే నేను దేంట్లోనూ చేరలేదు. చివరికి మీ పట్టీ కట్టుకుని దొరికిపోయాను."

"ఎన్నాళ్ళనించి ఉంది?"

ఆమె పొయ్యి వెలిగించింది.

"రెండో అంతస్తు మలుపులో ఆగుతున్నావు. నేను మెట్ల వైపు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సంచీ చెయ్యి మార్చుకుంటున్నావేమో అనుకున్నాను."

"అదే చేస్తున్నాను."

"చేతిలో సంచీ లేని రోజున కూడా ఆగావు."

గిన్నె మీద మూత పెట్టి, మూతమీద చెయ్యి అలాగే ఉంచింది. వేడి తగిలాక తీసింది.

"ఆరు నెలలు," అంది. "వేడికి అనుకున్నాను. వయసుకి అనుకున్నాను. నాకు నలభై ఆరు. మా లాండ్రీలో నలభై దాటిన ఎవర్నడిగినా దడ ఉందనే అంటారు."

"అందరికీ ఉన్నంత మాత్రాన అది జబ్బు కాకుండా పోదు. వాళ్ళు ఈ పరిశోధన చేస్తున్నదే అందుకు."

"మీరు పరిశోధన వాళ్ళ తరఫునా, నా తరఫునా?"

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది. నేను తరఫుల గురించి మాట్లాడలేదు. మా ఆవిడ గురించి మాట్లాడాను. కొంచెం అలసట, అంతే, అని నెల రోజులు అన్నదనీ, నేను నమ్మాననీ, నమ్మడం నాకు సుఖంగా ఉండేదనీ. ఇది ఎనిమిదేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఆమె నావైపు తిరగకుండానే విన్నది.

"శుక్రవారం సాయంత్రం వెళ్తాను," అంది. "ఒట్టు."

"రేపు పది."

"రేపు పదికి నేను లేకపోతే ఇస్త్రీ గది ఆమె ఉంటుంది. సెలవు ఎందుకు పెట్టిందని అడుగుతారు. మీ గుండె పేరు చెప్పి మీ అబ్బాయి సెలవు పెట్టినట్టు, నేను ఎవరి గుండె పేరు చెప్పను?"



*

కొడుకు ఎనిమిదింటికి వచ్చాడు. బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇంట్లోకి రాగానే గ్రీజు పోయేలా మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, తడి చేత్తోనే నా మణికట్టు పట్టుకున్నాడు. నిన్నటినించీ ఇదే పని. వాడికి నాడి చూడటం రాదు, వదలడమూ రాదు.

"నర్సు ఏమంది?"

"గడియారంలా ఉందంది."

"టైమింగు పోయిన ఇంజను కూడా ఆపి చూస్తే బాగానే ఉంటుంది నాన్నా. రోడ్డెక్కాకే తెలుస్తుంది. తొమ్మిదిన్నరకి బయల్దేరదాం. మా షెడ్డు వాచ్‌మన్ ఆటో తీసుకొస్తానన్నాడు."

నలుగురం భోజనానికి కూర్చున్నాం. కూర చప్పగా ఉంది. రోగం ఒకరిది, పథ్యం నలుగురిదీ. కొడుకు మారు మాట్లాడకుండా తింటున్నాడు. కోడలు రెండు ముద్దలు తిని కెలుకుతోంది.

"నేను రేపు రావడం లేదు," అన్నాను.

"ఏంటి?"

"నాకు అవసరం లేదు. నర్సుతో చెప్పేశాను."

కొడుకు కంచం పక్కకి జరిపాడు. మామూలుగా వాడు గొంతు పెంచడు. షెడ్డులో రోజంతా అరవాలి కాబట్టి ఇంట్లో మెల్లగా మాట్లాడతాడు.

"అవసరం లేదని మీరెలా చెబుతారు? డాక్టరు చెప్పాలి. వాళ్ళు ఉత్తరం రాశారు, మనిషిని పంపారు. మనలాంటివాళ్ళ కోసం అంత ఎవరు చేస్తారు?"

"ఒరే, నా మాట విను."

"అమ్మ మాట కూడా విన్నాం కదా. ఏం లేదు, ఏం లేదు అంది. విన్నాం. ఏమైంది? ఇప్పుడు మీరు. ఈ ఇంట్లో జబ్బు దాచుకోవడం గొప్పా? మీ ఇద్దరికీ నా మీద అంత నమ్మకం లేదా?"

 

నిజం నాలుక చివర ఉంది. ఒక్క వాక్యం. అది చెబితే వీడి కోపం నా మీదినుంచి లేచి ఎక్కడ వాలుతుందో కూడా తెలుసు. నీళ్ళు తాగాను.

"నన్ను రేపు బలవంతం చెయ్యకు," అన్నాను. "ఇంకేం చెప్పలేను."

"అయితే నేను మీ కొడుకుగా కాదు, పనిలేని వాడిగా సెలవు పెట్టాను."

"ఆయన్ని ఏమీ అనకండి," అంది కోడలు.

వాడు ఆమెవైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవేం? నిన్నటినించీ చూస్తున్నాను, నువ్వొక్క మాట అడగలేదు ఆయన్ని. మామయ్యా మామయ్యా అని తిరుగుతావు, మీ గుండెకేమైంది అని ఒక్కసారి అడిగావా?"

ఆమె కంచం తీసుకుని లేచింది. నా కంచం కూడా తీసింది. నాకు మోకాలు వంగదని రోజూ తీస్తుంది. కంచాలు తొట్టిలో పెట్టి, చెయ్యి కడుక్కుని, వంటగది గడియారం ముందు నిలబడింది. ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుంది. నర్సు నాకు చూసినట్టే. మేము కూర్చున్న చోటినుంచి నాకు మాత్రమే కనబడుతోంది.

ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఆమె ఇంకా నిలబడే ఉంది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. సగంలో ఆగాయి.

వేళ్ళు తీసేసి, పొయ్యి దగ్గరి దీపం ఆర్పి వచ్చింది. మొహంలో ఏమీ లేదు. పొద్దున్నే అయిదింటికి లేవాల్సినవాళ్ళు తొమ్మిదింటికి ఎలా ఉంటారో అలాగే ఉంది.

"ఏమండీ," అంది. "చెయ్యి కడుక్కుని లోపలికి రండి."

"నేను ఇంకా మాట్లాడటం అవ్వలేదు."

"నాతో మాట్లాడుదురు గాని. రండి."

వాడు నావైపు ఒకసారి చూసి, చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. ఆమె వాడి వెనకాల వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.  ఉన్నది ఉన్నట్టు చెబుతుందా, ముసలాయన్ని రేపటికి వదిలెయ్యమని మాత్రం చెబుతుందా, నాకు తెలియదు.

తలుపు దగ్గరికి లాగి, గడియ చప్పుడు కాకుండా వేసుకుంది.